పల్చటి ఆయిలు వేసిన ఎనిమిది

ఆ గురువారం పొద్దున సైమా వేసుకున్న ప్లానులో చిక్కేమీ లేదు. ఎనిమిదింటికి కారు తియ్యాలి. ముగ్గురు ఆడవాళ్ళని ఎక్కించుకోవాలి. తొమ్మిదిన్నరకల్లా నరసరావుపేట బయట డ్రైవింగ్ టెస్టు పెట్టే మైదానానికి చేరాలి. ముగ్గురి చేతా ఎనిమిది అంకెలా కారు తిప్పే ఎయిట్ వేయించి, ముగ్గురినీ పాస్ చేయించి, మే నెల ఎండ నడినెత్తికి రాకముందే ఇంటికొచ్చి చల్లగా మజ్జిగ తాగాలి.

సైమా ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతుంది. బడి పెట్టి నాలుగు నెలలైంది. బడి అంటే ఒక బోర్డు, ఒక కారు. బోర్డు కొత్తది. కారు మాత్రం ఇరవై ఏళ్ళు దాటిన మారుతి ఎయిట్ హండ్రెడ్. దాన్ని ఎవరో తుక్కు కింద అమ్మబోతుంటే సైమా తండ్రి జాన్ సాహెబ్ కొన్నాడు. ఊళ్ళో పేరున్న మెకానిక్కు ఆయన. దాన్ని మొత్తం విప్పి, మళ్ళీ బిగించి, రంగు వేయించి కూతురి చేతికి తాళాలిచ్చాడు. ఇస్తూ, "నడిపేది నువ్వు. బండి సంగతి మాత్రం నాకొదిలెయ్" అన్నాడు.

ఆ రెండో వాక్యమే సైమాకి మింగుడుపడలేదు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. పదేళ్ళ వయసు నుంచి షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగింది. అయినా టైరులో గాలి కొట్టించాలన్నా నాన్నని అడిగే కొట్టించాలి. దానికి తోడు మగవాళ్ళ డ్రైవింగ్ స్కూలు నడిపే బ్రహ్మాజీ టీకొట్టు దగ్గర నలుగురినీ పోగేసి, "మెకానిక్ కూతురైనంత మాత్రాన మెకానిక్ అయిపోద్దా? ఆ డొక్కు బండి నడిచేది కూతురి తెలివితో కాదు, తండ్రి చేతి చలవతో" అని నవ్విస్తున్నాడు. ఆ మాట ఊరంతా తిరిగి తిరిగి సైమా చెవిదాకా వచ్చింది.

అందుకే టెస్టుకి ముందురోజు, జాన్ సాహెబ్ ఎవరిదో లారీ బాగు చెయ్యడానికి మాచర్ల వెళ్ళగానే, సైమా తన జీవితంలో మొదటిసారి బండి సంగతి తను చూసుకుంది. ఇంజన్ ఆయిలు మార్చే సమయం ఎలాగూ వచ్చింది. జాన్ సాహెబ్ ఎప్పుడూ పోసేది ట్వంటీ ఫిఫ్టీ, తేనెలా చిక్కగా, బద్ధకంగా దిగే ఆయిలు. సైమా వెళ్ళిన స్పేర్ పార్టుల షాపులో టై కట్టుకున్న కుర్రాడు మాత్రం జీరో ట్వంటీ అనే డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫుల్ సింథటిక్ మేడం. నీళ్ళలాగా పారిద్ది. ఇంజన్లో మూలమూలకీ పోయిద్ది. మైలేజీ పెరిగిద్ది, చప్పుడు తగ్గిద్ది. ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ ఇదే."

"మాది పాత బండి."

"పాత బండికైతే ఇంకా మంచిది మేడం" అన్నాడు ఆ కుర్రాడు. అతను ఆ షాపులో చేరి నాలుగు రోజులైంది. అంతకుముందు చెప్పుల షాపులో చేసేవాడు.

సైమా పాత ఆయిలు దించింది, కొత్తది పోసింది, చేతులు కడుక్కుంది, డబ్బాలో మిగిలిన కాస్తా షెడ్డు మూల పెట్టింది. ఎంతో కాలంగా చెయ్యాలనుకున్న పనేదో చేసేసినట్టు హాయిగా నిద్రపోయింది.

పొద్దున కారు స్టార్టయింది. దానితోపాటు ఇదివరకు లేని చప్పుడొకటి మొదలైంది. ఇంజను లోపల ఎవరో కూర్చుని గోళీలాడుతున్నట్టు కటకట, కటకట. రాత్రే మాచర్ల నుంచి తిరిగొచ్చి, వరండాలో గడ్డం గీసుకుంటున్న జాన్ సాహెబ్ చేతిలో బ్లేడు ఆగింది.

"ఏందమ్మా ఆ చప్పుడు?"

"డిక్కీలో జాకీ వదులైంది నాన్నా."

"జాకీ అట్టా మోగదే..." అంటూ ఆయన సగం నురగ ముఖంతో లేచేసరికి కారు సందు మలుపు తిరిగిపోయింది.

ముందు గుల్జార్ బేగం ఎక్కింది. సైమాకి వరసకి పిన్ని అవుతుంది, సైమా ఆవిడని ఖాలా అని పిలుస్తుంది. యాభై రెండేళ్ళు. పెళ్ళిళ్ళకి బిర్యానీ వండి పంపిస్తుంది. భర్తకి కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి వాళ్ళ వ్యాను కదలకుండా గుమ్మంలో పడి ఉంది. దాన్ని తనే తోలి బిర్యానీ డేగిసాలు తనే చేరవెయ్యాలని ఆవిడ పంతం. రోడ్డు మీద లారీ ఎదురొచ్చినా బెదరదు. ఎయిట్ దగ్గర నిలబెట్టిన కర్రల్ని చూస్తే మాత్రం ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. లెర్నింగ్ లైసెన్సు గడువు ఆ ఆదివారంతో ఆఖరు.

తర్వాత సలోమి. రెంటచింతల పిల్ల, ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె భర్త బ్రహ్మాజీ స్కూల్లో నేర్చుకుని రెండుసార్లు తప్పాడు. అందుకే సలోమికి లైసెన్సు కన్నా ఒక్క దెబ్బకి పాసవ్వడం ముఖ్యం. బస్టాండు దగ్గర లింగమ్మ ఎక్కింది. బొల్లాపల్లి నుంచి మొదటి బస్సుకి వచ్చింది. పదిహేనేళ్ళుగా సొంత చేలో ట్రాక్టరు తోలుతున్న మనిషి.

"నా బండి, నా చేను. అయినా రోడ్డెక్కితే కాయితం లేదని ప్రతోడికీ తలొంచాల్సి వస్తంది" అని నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజే చెప్పింది. ఈ ముగ్గురూ పాసయితే మహిళా సంఘం వాళ్ళు తమ సభ్యులందరినీ సైమా దగ్గరికే పంపుతామన్నారు. తప్పితే ఏమవుతుందో వాళ్ళు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

రైలు గేటు పడింది. బండ్ల వరసలో కారు ఆగింది. ఇంజను నెమ్మదించగానే సైమా ఎదుట ఎర్ర లైటు వెలిగింది.

"అక్కా, ఆ లైటేంది?" అంది వెనక నుంచి సలోమి.

అది ఆయిల్ ప్రెషర్ లైటు. ఇంజన్లో అరిగిన భాగాల మధ్య ఆయిలు నిలబడటం లేదని దానర్థం. మెకానిక్ కూతురికి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏం లేదు. ఎండకి" అంది సైమా.

"ఎండకి లైటు వెలగడమేందే? కారు తగలబడిపోద్దా ఏంది?" గుల్జార్ బేగం తలుపు గడి మీద చెయ్యి వేసింది. "నేను దిగి నడిచొస్తా."

ముందు సీట్లో ఉన్న లింగమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నుదుటి మీద ఉన్న పెద్ద స్టిక్కర్ బొట్టు ఊడబీకి ఎర్ర లైటు మీద అంటించింది. సరిగ్గా సరిపోయింది.

"ఇంక కనపడదులే వదినా. కూచో."

గుల్జార్ బేగం తలుపు మీద నుంచి చెయ్యి తీసింది. అప్పుడే స్కూటర్ మీద ఒక మనిషి కారు పక్కన ఆగాడు. ఎండకి ఒళ్ళంతా తెల్లకోటు, ముఖానికి గుడ్డ, దానిమీద హెల్మెట్. అద్దం మీద టకటకా కొట్టాడు.

"అమ్మా! కారతంది! కింద కారతంది!"

గుల్జార్ బేగం అద్దం దించింది. "ఏందిరా కారేది? ఆడోళ్ళ బండి కనపడితే చాలు, అద్దాలు కొట్టడమేనా?"

"అది కాదమ్మా, ఆయిలు..."

"ఆయిలూ లేదు, పామాయిలూ లేదు! పోతావా, చెప్పు తియ్యమంటావా?"

గేటు లేచింది. సైమా కారుని ముందుకు ఉరికించింది. ఆ స్కూటర్ మనిషి వదల్లేదు. హారన్ కొడుతూ, చెయ్యి ఊపుతూ వెంటబడ్డాడు. రెండో మలుపు దగ్గర మళ్ళీ పక్కకొచ్చి ఏదో అరవబోయాడు. గుల్జార్ బేగం ఈసారి అతనితో మాట్లాడలేదు. తల బయటపెట్టి, రోడ్డు పక్కన తోపుడు బండ్ల మీద అరటిపళ్ళు అమ్ముకునే వాళ్ళకి చెప్పింది. "అన్నయ్యలూ! ఈడెవడో రైలు గేటు కాడ్నుంచి మా ఎనకాలే పడుతున్నాడు, సూడండి!"

నలుగురు అరటిపళ్ళ వాళ్ళు ఒకేసారి లేచారు. వెనక అద్దంలో సైమాకి కనిపించిన ఆఖరి దృశ్యం, ఒకతను స్కూటర్ తాళం లాగడం.

మైదానానికి చేరాక సైమా కారు కింద చాప వేసుకుని పడుకుని చూసింది. ఇంజను వెనక వైపు నుంచి చుక్క తర్వాత చుక్క తీరుబడిగా పడుతోంది. ఇరవై ఏళ్ళుగా ఇంజన్లో పేరుకున్న మడ్డినంతా పల్చటి ఆయిలు కడిగేసినట్టుంది. బంగారు రంగులో పోసిన ఆయిలు కాటుకలా నల్లబడి వస్తోంది. ఆ మడ్డే అడ్డం పడి ఇన్నాళ్ళూ, ఆయిలు కారకుండా ఆపే పాత సీళ్ళని కాపాడిందని సైమాకి అప్పుడు వెలిగింది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే అది అడుగు గీతకి దగ్గరగా ఉంది. మూడు ఎయిట్లకి సరిపోతుందా? సరిపోతే చాలనుకుంది.

"ఏం సైమా, కారు కింద నిద్రపోతన్నావా?" ఎదురుగా బ్రహ్మాజీ. వెనక తళతళలాడే కొత్త తెల్ల కారు, ఒకే రంగు టీషర్టులు వేసుకున్న ఎనిమిది మంది కుర్రాళ్ళు. "మీ నాయన రాలేదే? ఆయన లేకుండా ఇది కదులుద్దా?"

సైమా లేచి చాప చుట్టింది. టెస్టు పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇంకా రాలేదు. ఎప్పుడూ తొమ్మిదిన్నరకే వచ్చే గోపాలకృష్ణయ్యగారు పదైనా రాలేదు. పదీ పదికి ఒక స్కూటర్ వచ్చింది. తెల్లకోటు విప్పితే కింద ఖాకీ యూనిఫాం. హెల్మెట్, దాని కింద గుడ్డ తీస్తే గోపాలకృష్ణయ్యగారు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. చొక్కా జేబు సగం చిరిగి ఉంది.

"యా అల్లా!" అంటూ గుల్జార్ బేగం కొంగు ముఖం మీదకి లాక్కుని సలోమి వెనక్కి దూరింది. సలోమి ఆవిడలో సగం ఉంటుంది కాబట్టి పెద్దగా లాభం లేకపోయింది. "సైమా, నా నంబరు ఆఖర్న ఏయించు. కుదిరితే వచ్చే జన్మలో ఏయించు."

గోపాలకృష్ణయ్యగారు ఎవరివైపూ చూడలేదు. కాగితాలు తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టారు. లిస్టులో ముందు సైమా బండే. మొదటి పేరు లింగమ్మ.

ఆయన పక్క సీట్లో కూర్చోగానే కళ్ళు బొట్టుబిళ్ళ మీద పడ్డాయి. "ఇదేందమ్మా ఇక్కడ?"

"దిష్టికి సార్" అంది లింగమ్మ, తొణక్కుండా.

ఆయన స్కూటరుకే నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. కాబట్టి తల ఊపి ఊరుకున్నారు.

ఆ సిమెంటు నేల మీద ఎయిట్ అంటే ఒట్టి పన్నెండు కర్రలు. ఏనాడో సున్నంతో గీసిన గీతలు కాలి, చెరిగి, ఆనవాలు లేకుండా పోయాయి. మొదటి సున్నా ఎవరైనా చుడతారు. రెండో సున్నాలోకి తిరిగేచోట ఎటు తిప్పాలో తెలియక కర్ర పడేస్తారు. లింగమ్మ మాత్రం మొదటి గేరులో, ట్రాక్టరుతో దున్నేటప్పుడు ఎంత నిమ్మళంగా పోతుందో అంతే నిమ్మళంగా పోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు చుట్టింది. ఒక్క కర్రా కదల్లేదు. రోడ్డు మీద టెస్టూ అయింది. దిగి చెంగుతో ముఖం తుడుచుకుని, వెనక్కి తిరిగి నేలవైపు చూసి, ఉన్నట్టుండి నవ్వింది.

తెల్లటి సిమెంటు నేల మీద, బెత్తెడుకి ఒకటి చొప్పున, నల్లటి చుక్కలు. చుక్కలన్నీ కలిసి పెద్ద ఎనిమిది అంకె.

"ఇటు రావే సలోమీ" అని పిలిచి చెవిలో చెప్పింది లింగమ్మ. "కర్రల వంక సూడమాక. ఇదిగో, సాలు. నాగలి సాలు పట్టుకుని పోయినట్టు దీన్ని బండి మధ్యలో పెట్టుకుని పో. యాడ తిరిగితే ఆడ తిరుగు."

సలోమి కళ్ళు నేలకి అంటించి కూర్చుంది. రెండో మలుపు దగ్గర నాలుగు నెలలుగా తడబడే చేతులు ఈసారి తడబడలేదు. కర్ర పడలేదు. కారు మళ్ళీ అదే దారిన మరిన్ని చుక్కలు రాల్చుకుంటూ పోయింది. గోపాలకృష్ణయ్యగారు కనుబొమలు ఎగరేసి, రోడ్డు మీదా ఒకసారి నడిపించి, కాగితం మీద టిక్కు పెట్టారు. సలోమి దిగగానే చేసిన మొదటి పని, పాసైనట్టు భర్తకి వాట్సాప్‌లో వాయిస్ పంపడం. అందులో మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ.

ఇక మిగిలింది గుల్జార్ బేగం. సైమాకి ఆ క్షణంలో అన్నీ సర్దుకుంటాయనే అనిపించింది. సరిగ్గా అప్పుడే టీవీఎస్ మోపెడ్ ఒకటి దుమ్ము లేపుకుంటూ మైదానంలోకి వచ్చింది. దానిమీద జాన్ సాహెబ్. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఎండి అట్టకట్టింది. కాళ్ళ మధ్య ఐదు లీటర్ల ఆయిలు డబ్బా.

"సైమా! ఇంజన్ ఆపు! ముందు ఇంజన్ ఆపు!"

"నాన్నా, మీకెట్టా తెలిసింది?"

"మీ అమ్మ కుట్టు మిషను చప్పుడు చెయ్యట్లేదే! ముప్పై ఏళ్ళ నుంచి ఊరంతా ఇనపడే మిషను, ఇయ్యాల పిల్లిలాగా పోతంది. ఏం పోశావే అంటే షెడ్డు మూల దొరికిందని డబ్బా చూపించింది. జీరో ట్వంటీ! ఆ ఆయిలు కుట్టు మిషనుకి బాగుంటది. ఈ ముసలి ఇంజన్లో ఆగుద్దా?"

ఆ మాటలు ఎవరికెలా వినిపించినా, డబ్బా మాత్రం బ్రహ్మాజీకి బాగా కనిపించింది. డబ్బా నుంచి అతని చూపు నేల మీద చుక్కలకి, చుక్కల నుంచి మళ్ళీ డబ్బాకి పోయింది.

"సార్! సార్! సూశారా మోసం!" గొంతు చించుకున్నాడు. "తండ్రి డబ్బాలు మోసుకొస్తున్నాడు, కూతురు ట్రాక్ నిండా ఆయిలు పోస్తంది! మా పిల్లకాయలు జారిపడాలని ప్లానేశారు సార్! వీళ్ళ బండిని బయటికి పంపండి. పాసైనోళ్ళని కూడా తప్పించండి!"

గోపాలకృష్ణయ్యగారు కాగితాలు పక్కన పెట్టారు. "ఎవరు పోశారు ఈ ఆయిలు?"

"నేనే సార్" అన్నాడు జాన్ సాహెబ్, కూతురు నోరు తెరవకముందే. "ఇంజన్లో తప్పు ఆయిలు పోసింది నేను. వయసైపోయింది, మతిమరుపు. అమ్మాయికేం తెలీదు."

నలభై ఏళ్ళ మెకానిక్కు. ఏ ఇంజనుకి ఏ ఆయిలో నిద్రలో అడిగినా చెప్పే మనిషి. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమై ఉంటుందో సైమాకి తెలుసు. పక్కన బ్రహ్మాజీ ఇకిలిస్తున్నాడు. ఊరుకుంటే నాన్న పేరు పోతుంది, చెబితే తన పేరు పోతుంది. సైమా రెండడుగులు ముందుకేసింది.

"కాదు సార్. నేను పోశాను. నాన్న ఎప్పుడూ చిక్కటి ఆయిలే పోసేవాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు, అడక్కుండా, నేనే మార్చాను. కొత్తదైతే మంచిదేమో అనుకున్నా. ఈ కారులో సీళ్ళు పాతవి, అందుకే కారుతోంది. ట్రాక్ మీద ఎవరూ పొయ్యలేదు. తప్పు నాది. వీళ్ళ ముగ్గురిదీ కాదు."

"ఒక్క ఆయిలు ఎంతమంది పోస్తారమ్మా?" అన్నారు గోపాలకృష్ణయ్యగారు. తర్వాత ఆయన గొంతు ఒక్కసారి పైకి లేచింది. "అసలు కారతందని రైలు గేటు కాడ్నుంచి నేను చెప్తానే ఉన్నా గదా! రెండు చోట్ల చెప్పా! వింటేగా? అరటిపళ్ళోళ్ళు నా బండి తాళం లాక్కున్నారు! ఐడీ కార్డు చూపిస్తే దొంగ కార్డన్నారు!"

సలోమి వెనక నుంచి చిన్న మూలుగు వినిపించింది.

"అంటే సార్... ఆయిలు పొద్దుట్నుంచీ కారుతానే ఉందా?" బ్రహ్మాజీ ముఖం పడిపోయింది.

"నీకన్నా ముందు నాకే తెలుసయ్యా. ఈపాటికి బాగు చేయించుంటారనుకుని టెస్టు పెట్టా. పోసింది కాదది, కారింది." గోపాలకృష్ణయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. "పాసైనోళ్ళు పాసైనట్టే. అయితే కారే బండితో టెస్టు జరగదు. కారడం ఆగితే మూడో ఆవిడకి పెడతా. లేదంటే మళ్ళీ లెర్నింగ్ నుంచి రావాలి. ఇంకో సంగతి. తర్వాత మోటారు సైకిళ్ళు ఉన్నాయి. ఈ చుక్కల మీద మట్టి చల్లాలి, జారకుండా."

"మేం చల్లుతాం సార్!" బ్రహ్మాజీకి మళ్ళీ ఊపిరొచ్చింది. "ఈళ్ళని నమ్మితే సగం వదిలేస్తారు. ఒరేయ్, పారలు తీయండ్రా! ఒక్క చుక్క మిగలగూడదు!"

ఎనిమిది మంది కుర్రాళ్ళూ మైదానం అంచున ఉన్న ఎర్రమట్టి గంపలకెత్తి తెచ్చారు. బ్రహ్మాజీ నడుం వంచి, దగ్గరుండి, ప్రతి చుక్క మీదా దోసెడు మట్టి పోయించాడు. చుక్కకీ చుక్కకీ మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడా పోయించాడు. కాలితో తొక్కించాడు.

ఈలోగా జాన్ సాహెబ్ కారు ముందు మూత ఎత్తాడు. ఆయిలు డబ్బా చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, దాన్ని కూతురి చేతికిచ్చాడు.

"నువ్వే పొయ్యి. ఎంత పొయ్యాలో నీకు తెల్సుగా."

సైమా పుల్ల తీసి చూసింది, పోసింది, మళ్ళీ చూసింది. చిక్కటి ట్వంటీ ఫిఫ్టీ తొందరేమీ లేకుండా దిగింది.

"పల్చటిదీ చిక్కటిదీ కలిస్తే ఏం కాదా నాన్నా?"

"ఈ పూటకి ఏం కాదు. ఇంటికి పోయాక మొత్తం దించి కొత్తగా పోద్దాం. సీలు కూడా మార్చాలి. నువ్వు మార్చు, నేను కూచుని సూస్తా."

స్టార్ట్ చేస్తే గోళీలాట ఆగింది. లింగమ్మ బొట్టుబిళ్ళ లాగి చూసింది. ఎర్ర లైటు ఆరిపోయింది. బిళ్ళ మళ్ళీ ఆమె నుదుటి మీదకి చేరింది. జాన్ సాహెబ్ కారు కింద తెల్లకాగితం పరిచి, రిస్టు వాచీ చూసుకుంటూ ఐదు నిమిషాలు కూర్చున్నాడు. కాగితం మీద ఒక్క చుక్క పడింది. రెండోది పడలేదు. గోపాలకృష్ణయ్యగారు వంగి చూసి సరేనన్నారు.

గుల్జార్ బేగం కారెక్కింది. పక్కన గోపాలకృష్ణయ్యగారు ఎక్కారు. గుల్జార్ బేగం తల వంచుకునే తాళం తిప్పింది.

"సార్" అంది. "పొద్దున కాస్త నోరు జారాను."

"నోరు జారితే జారిందిలేమ్మా. బండి జారనియ్యకు."

గుల్జార్ బేగం బిస్మిల్లా అనుకుని తలెత్తింది. అలవాటు ప్రకారం కర్రల కోసం వెతికింది. వెతికిన కళ్ళు కర్రల దాకా పోలేదు. ఎందుకంటే ఎదురుగా, తెల్లటి సిమెంటు మీద, జానెడు వెడల్పున, ఎర్రగా, ఒక్క చోట కూడా తెగకుండా ఎనిమిది అంకె పరుచుకుని ఉంది. పెళ్ళిపందిట్లో పరిచిన ఎర్ర తివాచీకైనా అంత చక్కటి అంచు ఉండదు. బ్రహ్మాజీ ఒళ్ళొంచి చేసిన పని అది.

గేరు వేసింది. ఎర్రగీతని కారు మధ్యలోకి తెచ్చుకుంది. మొదటి సున్నా. మలుపు. రెండో సున్నా. మళ్ళీ మలుపు. మైదానం అంచున లింగమ్మ, సలోమి, సైమా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. జాన్ సాహెబ్ నురగ చెంప గోక్కోవడం కూడా మర్చిపోయాడు. ఎనిమిది పూర్తయింది. కర్రలన్నీ నిలబడే ఉన్నాయి. ఆ తర్వాత రోడ్డు మీద టెస్టు గుల్జార్ బేగంకి ఒక లెక్క కాదు. ఎదురొచ్చిన టిప్పర్ లారీకి హారన్ కొట్టి, దాన్నే పక్కకి జరిపించి తిరిగొచ్చింది.

"పాస్" అన్నారు గోపాలకృష్ణయ్యగారు.

గుల్జార్ బేగం కారు దిగి, ముందు సైమాని, తర్వాత లింగమ్మని, సలోమిని కావిలించుకుంది. ఆ ఊపులో పారతో నిలబడి ఉన్న బ్రహ్మాజీ దగ్గరికీ పోయింది. కావిలించుకోకుండా ఆగి, "నీ చేతి చలవ తమ్ముడూ. దమ్ బిర్యానీ పంపిస్తా, తిను" అంది. మనస్ఫూర్తిగానే అంది. బ్రహ్మాజీకి మాత్రం ఆవిడేమందో అప్పటికి అర్థం కాలేదు.

అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. తన ఎనిమిది మందినీ ముందే వరసగా నిలబెట్టి, "ఆ మట్టి కింద ఆయిలుంది. దానిమీద చక్రం పెట్టారో, జారి చస్తారు. ఎంత దూరంగా పోతే అంత మంచిది" అని గట్టిగా చెప్పి ఉన్నాడు. కుర్రాళ్ళు మాస్టారి మాట విన్నారు. కొత్త కారుని ఎర్రగీతకి వీలైనంత దూరంగా తోలారు. గీతకి దూరంగా పోతే దగ్గరయ్యేవి కర్రలే. ఆరుగురు ఆరు చోట్ల కర్రలు పడేశారు. వాళ్ళలో ఒకతను ఏకంగా మూడు పడేశాడు. మాస్టారి మాట ఎప్పుడూ చెవిన పెట్టని ఇద్దరు మాత్రం గీత మీదే తోలి పాసయ్యారు.

పాత మారుతి ఊళ్ళోకి తిరిగొచ్చింది. స్టీరింగ్ ముందు గుల్జార్ బేగం, పక్కన సైమా, వెనక లింగమ్మ, జాన్ సాహెబ్. కారుకి ముందు, జాన్ సాహెబ్ టీవీఎస్ మీద, సలోమి దారి చూపిస్తూ. రోడ్డు మీద మనుషులు ఆగి చూశారు. గుల్జార్ బేగం అవసరం ఉన్నచోటా లేనిచోటా హారన్ కొట్టింది. జాన్ సాహెబ్ చాలాసేపు ఇంజను చప్పుడే వింటూ కూర్చుని, ముందుకి వంగి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"అందరి ముందూ నిజం చెప్పావు చూడు" అన్నాడు. "అప్పుడు నాకు చానా గర్వమేసింది. నేను చెప్పిన అబద్ధానికి మాత్రం సిగ్గేసింది."

"మీరు అబద్ధం బాగా చెప్పారు నాన్నా."

"నలభై ఏళ్ళు మెకానిక్ పని చేసినోణ్ణి, చెప్పలేనా?" అన్నాడు. కారులో అందరికన్నా గట్టిగా నవ్వింది లింగమ్మ.

ఆ వారం తిరక్కుండా మహిళా సంఘం నుంచి ఇరవై ఇద్దరి పేర్లు వచ్చాయి. ఇరవై మూడో పేరుగా సలోమి భర్త దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇది ఆడవాళ్ళ బడి అంటే, పర్లేదు, వెనక సీట్లో కూర్చుంటానన్నాడు. సైమా తన చేత్తోనే కారు సీళ్ళన్నీ మార్చింది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న జాన్ సాహెబ్ మూడు గంటల్లో ఒక్కసారే నోరు తెరిచాడు, అదీ టీ అడగడానికి.

మర్నాడు సాయంత్రం షెడ్డు దగ్గర తళతళలాడే కొత్త తెల్ల కారు ఆగింది. బ్రహ్మాజీ దిగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తన బండికి కూడా చుక్క చుక్కగా ఆయిలు కారే ఏర్పాటు ఏమన్నా చెయ్యొచ్చా అని అడిగాడు.

ఇరవై ఏళ్ళు ఆగి తీసుకురమ్మన్నాడు జాన్ సాహెబ్.